మంచం తిరగాల్సిన మలుపు

మా మేనత్త పోయిందని ఫోను వచ్చినప్పుడు నేను ఆరాంఘర్ చౌరస్తాలో, కదలని బస్సులో ఉన్నాను. పొద్దున టీ తాగి, గడప మీద కూర్చుని, అలాగే ఒరిగిపోయిందట. ముందు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఆ ముందురోజే నాతో పోట్లాడింది. నేను జవాబు చెప్పేలోపే వెళ్లిపోవడం ఆమెకే చెల్లింది.

శంషాబాద్ దగ్గర విమానాశ్రయం తెరిచిన కొత్తలో మా ఊరి పొలాల్లో ఒక కాలనీ కట్టాలన్నారు. బండ్లు తిరగని సన్నటి గల్లీలు, రెండు వైపులా చెట్లు, వాన నీరు ఇంకే గుంతలు. పొలాలిచ్చిన వాళ్లకు అందులోనే ఇళ్లు. ప్లాను మాత్రం ఊరివాళ్లను అడిగే గీస్తామన్నారు. ఇక చూడండి మా అవస్థ! ఫంక్షన్ హాల్లో మీటింగు మీద మీటింగు. ప్లాను గీసే సారు పట్నం నుంచి వచ్చేవాడు, మంచివాడు, ఓపిక ఎక్కువ. నచ్చినవి పచ్చ కాగితం మీద, నచ్చనివి ఎర్ర కాగితం మీద రాసి గోడకు అంటించమనేవాడు. మేమంతా బుద్ధిగా అంటించి, వెనక నుంచి వస్తున్న బిర్యానీ వాసన పీలుస్తూ కూర్చునేవాళ్లం. సరిగ్గా అప్పుడు లేచేది అత్తమ్మ.

లేచిందంటే ఒక పట్టాన కూర్చునేది కాదు. పైనుంచి విమానం పోతే మాట ఆపేది. చప్పుడు తగ్గాక ఆపిన చోటి నుంచి కాదు, మొదటి నుంచి ఎత్తుకునేది. "నా మాట సగం ఇని సగం రాసుకుంటె ఎట్ల?" అనేది. అక్కడ విమానాలకు కొదవా? అన్నం చల్లారిపోయేది. పోనీ, చెప్పేవన్నీ సబబైనవా అంటే అదీ లేదు. దోమలొస్తాయని వాన నీటి గుంతల మీద ఎంత గొడవ చేసిందో! ఈ రోజు మా బోర్లలో నీళ్లున్నాయంటే ఆ గుంతల పుణ్యమే. ఆ సంగతి గుర్తుచేస్తే "నేనేడ వద్దన్న?" అని ఎదురు తిరిగేది.

గల్లీల దగ్గర మాత్రం మరీ మొండికేసింది. నడవడానికి ఆ వెడల్పు చాలు కదమ్మా అన్నాడు సారు.

"నడిచేటోళ్లకు చాలు సారూ. నడవలేనోళ్ల సంగతేంది? పానం బాగలేకుంటె మంచం మీద మోసుకొని రోడ్డు దాకా తేవాలె. ఆ గల్లీ మూల మీద మంచం మలుగుతదా, తిరుగుతదా?"

సారు తెర మీద కొలతలు చూపించాడు.

"గా తెర మీద నాకేం సమజ్ కాదు. ఇల్లు కట్టెటప్పుడు ముగ్గు పోస్తం గదా, గట్ల పొలంల పోయుండ్రి. చూస్త."

మండుటెండలో పోశాం. గల్లీ, గోడలు, మూల, అన్నీ ముగ్గు గీతలే. అత్తమ్మ నవారు మంచం తెప్పించి, తానే ఎక్కి పడుకుంది. నాకు తల కొట్టేసినట్టయింది.

"అత్తమ్మా, జర ఇజ్జత్ ఉంచు" అన్నాను.

"ఏ, మొయ్యి అల్లుడా. ఎప్పుడన్న మోసేదే గద!"

తలవైపు నేనూ సారూ, కాళ్లవైపు ఇంకో ఇద్దరూ పట్టాం. మూల దగ్గర తిరగబోతే సారు కాలు గీత దాటేసింది. "ఆగుండ్రి! సారు గోడలకెల్లి నడుస్తుండు!" అని మంచం మీది నుంచే కేకేసింది. సారు పగలబడి నవ్వాడు. తర్వాత వంగి, ఆ మూల చెరిపి, వంపు తిప్పి కొత్త గీత పోశాడు. అక్కడ ఇల్లు వచ్చినవాళ్లకు జాగా తగ్గుతుందన్నాడు. "ఆ ఇల్లు నాకే ఇయ్యుండ్రి" అంది అత్తమ్మ.

కాలనీ వచ్చింది, మలుపూ వచ్చింది. దాన్ని చూడగానే ఎదురింటి తమ్ముడికి తన మోటారు సైకిలు బండి పెట్టుకోవడానికి భలే చోటు దొరికిందనిపించింది. బండ్లు రాని గల్లీలు కావాలని పచ్చ కాగితం అంటించినవాడు తనే! రోజూ పొద్దున అత్తమ్మ కేకతోనే మాకు తెల్లారేది: "ఈ బండి ఎవనిదిరా?" అతను తీసేవాడు, సాయంత్రం మళ్లీ పెట్టేవాడు. ఆమె ఆ వంపు వెంబడి ముగ్గు గీత పోసేది, టైర్లు చెరిపేసేవి. విసుగొచ్చి, ఆమె పోవడానికి ముందురోజు నేనే అన్నాను, "ఇడిసిపెట్టు అత్తమ్మా, రోజూ లడాయేంది?" అని.

"కొట్లాడి తెచ్చుకున్నం. ఇప్పుడు నోరు మూసుకుంటె ఉంటదా?" అని మొహం తిప్పుకుని లోపలికి వెళ్లిపోయింది. అదే ఆఖరి మాట.

బస్సు దిగి ఇల్లు చేరాను. రోడ్డు మీద ఆగిన శ్మశాన వాహనం దాకా ఆమెను మోయాలి. ఈసారీ తలవైపు నేనే. మలుపు దగ్గరకు వచ్చేసరికి బండి అక్కడే ఉంది. పాడె ఆగింది. అందరూ దిక్కులు చూస్తున్నారు. అంతలో నెత్తి మీదుగా విమానం వచ్చింది. చప్పుడు తగ్గాక, "ఈ బండి ఎవనిదిరా?" అని అరిచాను. అప్పుడొచ్చింది ఏడుపు. ఎదురింటి తమ్ముడు వెనక నుంచి పరిగెత్తుకొచ్చి, బండిని తన వాకిట్లోకి లాగేసి, వచ్చి పాడెకు భుజం పట్టాడు. మేం తిరిగాం. ఎవరి భుజమూ గోడకు తగల్లేదు.

దినాలు అయిపోయాక చూస్తే బండి మళ్లీ ఆ మలుపులోనే ఉంది. ఏం మనుషులం మనం! ఆమె ఇంట్లోంచి ముగ్గు డబ్బా తెచ్చి, ఆమె పోసినట్టే వంపు వెంబడి, బండి కింద నుంచి కూడా చెయ్యి పెట్టి గీత పోశాను. సాయంత్రానికి సగం చెరిగింది. పొద్దున మళ్లీ పోశాను.