గొడుగు విచ్చుకునే దూరం

...అందుకని ఆ మాట నాకు మొదట చెప్పింది బడివాళ్ళు కాదు, యెమ్మిగనూరు బస్సు కండక్టరు. నిన్న ఇక్కడిదాకా రాసేసరికి అవ్వ మెట్లెక్కుతున్న చప్పుడు వినిపించి ఆపేశాను. ఈ రోజు ఆదివారం. అవ్వ కింద పడుకుంది. అక్కడి నుంచే మొదలుపెడతాను.

సెలవుల్లో మా టీచరమ్మ యెమ్మిగనూరులో తన చెల్లెలింట్లో ఉండేది. నేనుండేది ఆదోనిలో. రాసిన కాగితాలు గుడ్డలో చుట్టి పొద్దుటి బస్సు కండక్టరు చేతికిస్తే, ఆయన అక్కడ బస్సు ఆగేచోటికి ఎదురుగా ఉన్న ఆ ఇంట్లో ఇచ్చేవాడు. సాయంత్రం బస్సుకు అవి ఎర్రసిరా దిద్దులతో తిరిగొచ్చేవి. పన్నెండు రోజుల కిందట, మంగళవారం నాడు మాత్రం నా మూట ముడి విప్పకుండానే తిరిగొచ్చింది. దాంతోపాటు ఇంకో మూట కూడా వచ్చింది.

"ఎవరికియ్యల్ల పాపా ఇది? తీసుకునే ఆయమ్మ రాత్రి నిద్రలోనే పోయినాదంట," అన్నాడు కండక్టరు. టోపీ తీసి చంకలో పెట్టుకుని, నా మూట నా చేతికిచ్చాడు. "మొన్న గూడా నా బస్సెక్కి, హారను ఎట్ల కొట్టల్లో డ్రైవరన్నకు పాఠం చెప్పిపోయినాది. ఒకేసారి కొట్టి నిలపల్లంట. ఊరికే మోగిస్తా ఉంటే ఎవరూ వినరంట. ఈ పొద్దు ఆయప్ప అట్లనే కొట్టుకుంటా వచ్చినాడు."

తరువాత రెండో మూట ఇచ్చాడు. "ఇది వాళ్ళ చెల్లెలు ఇచ్చినాది. పైన 'కిటికీకి' అని రాసుండాది. కిటికీ అంటే ఎవరు పాపా?"

"నేనే," అన్నాను. ఆ పేరు నాదేనని బయటి మనిషి దగ్గర ఒప్పుకోవడం అదే మొదటిసారి. ఏడుపు కూడా ఆ మాట తరువాతే వచ్చింది.

టీచరమ్మను మీలో చాలామంది చూసే ఉంటారు. నల్ల గొడుగు, దానికి ఒకచోట ఎర్ర మగ్గం గుడ్డ అతుకు. నేతగాళ్ళ ఇంట్లో పుట్టిన మనిషి. అయినా సూదిలో దారం ఎక్కించడం రాదు. ఈ సంగతి నాకెలా తెలుసో చెప్తాను. శనివారాలు నేను ఆమె దగ్గర కుట్టుపని నేర్చుకుంటున్నానని మా ఇంట్లో అనుకునేవాళ్ళు. ఒకసారి అవ్వ కుట్టింది చూపించమంటే, భయపడుతూ వెళ్ళి టీచరమ్మకు చెప్పాను. పాపం, ఆమే కూర్చుని ఒక జేబురుమాలు కుట్టింది. నాలుగు అంచులూ నాలుగు దిక్కులకు పోయాయి.

అవ్వ దాన్ని వెలుగులో పట్టి చూసింది. "మూడేండ్లు నేర్చినావు. ఒక్క రుమాలా? ఆయమ్మకు వచ్చేది గూడా ఇంతేనేమో పాపా."

అవ్వ మాటలో అబద్ధం లేదు.

నేను నిజంగా నేర్చుకున్నదేమిటో చెప్పాలంటే ముందు ఒక పుస్తకం సంగతి చెప్పాలి. ఎప్పుడో మా బడిలో పనిచేసి తన దేశం వెళ్ళిపోయిన ఒక దొరసానమ్మ బీరువాలో దాన్ని వదిలేసింది. ఏదో దూరదేశపు యూనివర్సిటీలో ఏ డిగ్రీకి ఏమేం కావాలో అందులో అచ్చువేశారు. ఒక పేజీ మాత్రం స్పీచ్, జర్నలిజం నేర్పే టీచర్లు కావాలనుకునేవాళ్ళకు. మాట్లాడటం నేర్పడానికి కూడా డిగ్రీ ఉంటుందని టీచరమ్మకు ఆ పేజీ చూసేదాకా తెలీదట. ఆ రోజు అన్నం తినడం మర్చిపోయానని చెప్పేది.

ఆ పేజీలో మొదటి లైను, ముందు బి.ఎ. ప్యాసై ఉండాలని. ఆ కింద గొంతు సాధన, వాదన, జనం ముందు మైకులో మాట్లాడటం, ఏడాదిపాటు ఒక పత్రిక నడపడం, అన్నిటికన్నా కింద ఒక విద్యార్థికి ఇవన్నీ నేర్పి చూపించడం. టీచరమ్మ చదువు ట్రైనింగు స్కూలు దగ్గర ఆగిపోయింది. ఆ దేశం మాట అటుంచండి, కర్నూలు కాలేజీ గేటు కూడా దాటలేదు. అందుకని ఆమె ఆ పేజీని కింది నుంచి మొదలుపెట్టింది.

"మొదటి మెట్టు నాకు అందలేదు పాపా. అయితే మిగతా మెట్లు ఖాళీగా పడుండాల్నా?" అంది నాతో.

అట్టడుగు లైనులోని విద్యార్థిని నేను. నన్నే ఎందుకు ఎంచుకుందంటే, క్లాసులో హాజరు పిలిచినప్పుడు నేను పలికేది పక్క బెంచీకి కూడా వినిపించేది కాదు. "నిన్ను మాట్లాడిస్తే చాలు. ఆ యూనివర్సిటీవాళ్ళు వచ్చి నా కాళ్ళకు మొక్కుతారు," అనేది.

బడి వెనక ఖాళీ స్థలం మీకు తెలుసు. దానికి అవతల పత్తి మిల్లు. మిల్లు మోతలో మనిషి మాట మనిషికి వినపడదు. టీచరమ్మ వెళ్ళి ఆ మిల్లు గోడ పక్కనే నిలబడేది. నన్ను ఇవతల బడి వరండాలో నిలబెట్టేది. నా మాట తనకు అందితే గొడుగు విప్పుతుంది, అందకపోతే లేదు. మొదటి మూడు శనివారాలు ఆ గొడుగు విచ్చుకోలేదు. నేను అరిచేదాన్ని. గొంతు బొంగురుపోయి మూడు రోజులు ఇంట్లో మిరియాల కషాయం తాగేదాన్ని.

మిల్లు కాపలాదారు ప్రతి శనివారం ఇది చూసి ఉండబట్టలేక అడిగాడని టీచరమ్మే తరువాత చెప్పింది. "టీచరమ్మా, వానా లేదు, ఎండా లేదు. ఆ గొడుగు పట్టుకోని దేనికి కాచుకోని ఉండావు?"

"ఆ పాప మాట కోసరం లేప్పా."

"వచ్చిందా?"

"ఇంకా ఒక్క చినుకు గూడా పడలేదు."

ఆ రోజు ఆమె స్థలం దాటి నా దగ్గరికి వచ్చి చెప్పింది. "అరవొద్దు. అరిస్తే చప్పుడు వస్తాది గాని మాట రాదు. ఒక్కొక్క మాటనే పంపించు. అది నడుచుకుంటా నా దగ్గరికి వస్తాది. నువ్వు యాల పరిగెత్తిస్తావు దాన్ని?"

నాలుగో శనివారం, బట్టీ పట్టిన ఇంగ్లీషు పాఠమంతా మర్చిపోయి, ఇక ఏం చెప్పాలో తెలీక, "టీచరమ్మా, నాకు భయంగా ఉంది," అన్నాను. నిదానంగా, మామూలుగా అన్నాను. మిల్లు గోడ పక్కన నల్ల గొడుగు విచ్చుకుంది. ఎర్ర అతుకు ఇటువైపే తిరిగి ఉంది. కాపలాదారు చప్పట్లు కొట్టాడు.

వాదన లైను యెమ్మిగనూరు బస్సులో పూర్తయింది. కుట్టుదారం కొనాలని ఇంట్లో చెప్పి ఆమెతో వెళ్ళిన రోజది. బస్సు కదలకముందే ఆమె లేచి, మిరపకాయ బజ్జీ లేకుండా బొరుగుల ఉగ్గాణి తినొచ్చా తినకూడదా అని అందరినీ అడిగింది. తినొచ్చని నేను వాదించాలి. బస్సంతా నాకు ఎదురు తిరిగింది. వెనక సీటు పెద్దాయనైతే, "ఈ పాపది ఈ ఊరు కాదు," అని తేల్చేశాడు. నేను ఓడిపోయాను. అయినా టీచరమ్మ పేజీ తీసి టిక్కు పెట్టింది. లైనులో వాదించాలని ఉంది గాని గెలవాలని లేదు కదా, అంది.

మైకు లైను ఉరుకుంద తిరునాళ్ళలో. తప్పిపోయిన పిల్లల్ని కూర్చోబెట్టి మైకులో చెప్పే పందిట్లో టీచరమ్మ ఏటా పనిచేసేది. మావాళ్ళు దర్శనానికి వరుసలో నిలబడ్డప్పుడు నేను పందిట్లోకి జారుకున్నాను. నాలుగేళ్ళ పాప ఒకతి ఏడుస్తోంది. మైకు నా చేతిలో పెట్టింది టీచరమ్మ. అంత జనాన్ని చూసేసరికి నా నోట్లోంచి ఇంగ్లీషు వచ్చేసింది. నాలుగేళ్ళ బాలిక, ఎర్రని పావడా, దయచేసి తల్లిదండ్రులు రావలసిందని, బడిలో నేర్పిన ఇంగ్లీషులో తప్పు లేకుండా రెండుసార్లు చెప్పాను. ఒక్కరూ రాలేదు. ఆ పాప కూడా ఏడుపు ఆపి నా వైపు వింతగా చూసింది.

టీచరమ్మ నా చెవి దగ్గరికి వంగింది. "ఈ పాప వాళ్ళమ్మ లండన్లో ఉండాదా?"

నవ్వొచ్చింది. నవ్వుతో పాటు తెలుగు కూడా వచ్చింది. "ఎర్ర పావడా పాప ఈడ ఉండాది. బొరుగులు తింటాండాది. వాళ్ళమ్మ యాడున్నా రావల్ల," అన్నాను. ఆ తల్లి చెప్పులు చేత్తో పట్టుకుని పరిగెత్తుకుంటూ వచ్చింది. పాపను ఎత్తుకుని నాతో, "బలే చెప్పినావు తల్లీ. ముందు ఎవరో ఏందో వాగినారు, అర్థమే కాలేదు," అంది.

ఇక పత్రిక లైను. మన బడి ప్రహరీ మీద, రేకు కింద, ప్రతి సోమవారం అంటించే గోడపత్రిక మీరు చదివేదే. అందులో 'కిటికీ' అని సంతకం చేసేది నేను. ఇన్నాళ్ళూ ఈ సంగతి ఎక్కడా రాయలేదు. ఎందుకంటే మిల్లుకు పోతూ ఆ గోడ దగ్గర ఆగి, మొదటి అక్షరం నుంచి చివరిదాకా చదివే మనిషి ఒకరున్నారు. ఆయన మా నాయన.

నాయన మిల్లులో మేస్త్రీ. చిన్నప్పటి నుంచీ ఆ మోతలోనే పనిచేశాడు. ఇంట్లో కూడా మిల్లులో మాట్లాడినట్టే మాట్లాడతాడు. ఆయన మంచినీళ్ళు అడిగితే పక్కింటివాళ్ళు చెంబు తెస్తారు. ఆ గొంతుకు నేను పుట్టినప్పటి నుంచి భయపడుతూనే ఉన్నాను. బస్సు ఎప్పుడు కదులుతుందని కండక్టరుతో గంటసేపు పోట్లాడి, కదిలేవేళకు టీ తాగడానికి దిగిపోయిన పెద్దమనిషి గురించి 'కిటికీ' ఒకసారి రాసింది. ఆ పెద్దమనిషి నాయనే. ఆ సోమవారం అన్నం దగ్గర నాయన అదంతా అమ్మకు అప్పజెప్పి, పొలమారేదాకా నవ్వాడు.

"ఎవడో గాని ఆ కిటికీగాడు మనుషుల్ని బాగా చూస్తాడే. ఆ టీ తాగినోడు ఎవడో, అచ్చం నా మాదిరోడే."

అమ్మ తల దించుకుని మజ్జిగ పోసింది. అమ్మకు ఎంత తెలుసో నాకు తెలీదు.

ఈ వేసవితో నా ఎస్.ఎస్.ఎల్.సి. అయిపోయింది. ఇక సాలు, ఇంట్లో ఉంటుంది అని నాయన ఒకే మాటలో అనేశాడు. చదువుతానని నేనేదో అన్నాను. నాయన వినలేదు. టీచరమ్మ బస్సులో ఆదోని వచ్చిన రోజు, నాయన కోప్పడ్డాడని ఆమె దగ్గర ఏడ్చాను. "నువ్వు ఏమన్నావో ఇప్పుడు నాతో అను," అంది. అన్నాను. ఆమె నవ్వింది.

"మీ నాయనకు కోపం కాదు పాపా. ఆయప్పకు నీ మాట వినపడలేదు. ఆయన దగ్గర యాపొద్దూ మిల్లు తిరుగుతానే ఉంటాది. నాకు పంపించినట్ల పంపించు."

అదే ఆమె నాతో అన్న చివరి మాట. పంపిస్తానని చెప్పాను. ఇంకా పంపలేదు.

ఆ మంగళవారం వచ్చిన మూటలో ఆ పుస్తకం ఉంది. ఆ పేజీలో కింది నుంచి పైదాకా పెన్సిలు టిక్కులు. మొదటి లైను పక్కన మాత్రం టిక్కు లేదు. అక్కడ ఎర్రసిరాతో, "ఇది నువ్వు" అని రాసింది. పేజీల మధ్య కర్నూలు కాలేజీ ఇంటర్ దరఖాస్తు ఫారం. నా పేరు, ఊరు, మార్కులు అన్నీ ఆమె చేతిరాతే. తండ్రి సంతకం చోటు ఒక్కటే ఖాళీ. చేరడానికి ఇంకా ఆరు రోజులే ఉన్నాయి.

ఇది రేపు గోడ మీద అంటించాలని మొదలుపెట్టాను. అంటిస్తే నాయన చదువుతాడు. కిటికీ ఎవరో, కుట్టుపని ఏమిటో, అన్నీ తెలుస్తాయి. కాగితం మీద చెప్పేస్తే గొంతు విప్పే పని ఉండదు కదా అని కూడా అనుకున్నాను. ఇక్కడిదాకా రాశాక అలా అనిపించడం లేదు. టీచరమ్మ అయితే దీన్ని ఎర్రసిరాతో కొట్టేసి ఉండేది. పత్రిక లైనుకు టిక్కు ఎప్పుడో పడింది కదా, ఇప్పుడు చేయాల్సింది ఇది కాదు అనేది.

మెట్ల మీద అడుగులు. అవ్వ కాదు, బరువుగా ఉన్నాయి.

తలుపు కొడుతున్నాడు. నాయన. వీధి చివరిదాకా వినపడేట్టు అడుగుతున్నాడు:

"పాపా, మీ టీచరమ్మ పోయినాక ఆ గోడకు ఏమీ అంటించలేదే. ఆ కిటికీగాడు గూడా రాసేది నిలిపేసినాడా ఏంది? నీకేమన్నా తెలుసునా?"

కాగితాలు దిండు కింద పెట్టేస్తున్నాను. ఫారం మాత్రం బల్ల మీదే ఉంటుంది. కలం కూడా. తలుపు దాకా నాలుగు అడుగులే. దానికి అవతల మిల్లు గోడ, గోడ పక్కన ఎర్ర అతుకున్న నల్ల గొడుగు, ఇంకా మూసే ఉంది, నా కోసం కాచుకుని