లింగమ్మకు ముందే చెప్పిన క్లైమాక్స్

2023 ఎండాకాలం. అప్పటికి నేను కర్నూలులో ఉంటూ సినిమా రివ్యూలు రాయబట్టి చాలా ఏళ్లయింది. ఒక పత్రికలో వారం వారం కాలమ్, ఇంట్లో ముందుగదిలో నడిపే యూట్యూబ్ ఛానెల్. హైదరాబాదులో విలేకరులకు వేసే ప్రత్యేక ఆటలకు నన్నెవరూ పిలవరు. తొలిరోజు మార్నింగ్ షోకు టికెట్ కొనుక్కొని ఈలల మధ్య కూర్చొని చూస్తాను. నా మట్టుకు నాకు అదే మేలు.

నాకు పేరు తెచ్చింది దయ్యం సినిమాలూ, థ్రిల్లర్లూ. మెచ్చుకొని కాదు, తిట్టి. ఈమధ్య దయ్యం సినిమాల్లో సగం జంప్ స్కేర్ మీదే బతుకుతున్నాయి. అంటే హాలంతా నిశ్శబ్దంగా ఉంచి, ఉన్నట్టుండి చెవులు చిల్లులు పడేలా శబ్దం వేసి ఉలిక్కిపడేలా చేయడం. దానికి దర్శకుడెందుకు, వెనక నుంచి వచ్చి స్టీలు పళ్లెం కింద పడేసేవాడు చాలు. థ్రిల్లర్ల జబ్బు వేరు. చివర్లో ట్విస్ట్ ఉండి తీరాలి, హంతకుడు మనం కలలో కూడా అనుమానించని మనిషై ఉండాలి. అందుకే ఇంటర్వెల్‌కల్లా తెర మీద అందరికంటే మంచిగా కనబడేది ఎవరో చూసి నేను హంతకుణ్ణి పట్టేస్తుంటాను. ఎంత తిట్టినా స్పాయిలర్ మాత్రం ఎన్నడూ ఇవ్వలేదు. స్పాయిలర్ అంటే ముగింపు ముందే బయటపెట్టడం. మా వృత్తిలో అంతకంటే పెద్ద తప్పు లేదు.

ఒక గురువారం మధ్యాహ్నం ఒకామె మా ఇంటి గడపలో నిలబడింది. నా కన్నా పెద్దది. చేతులు నాపరాళ్ల పొడికి తెల్లగా పగిలి ఉన్నాయి.

"సినిమాలు సూసి చెప్పేది మీరేనా మేడమ్?"

"నేనేనక్కా. లోపలికి రా."

కూర్చోలేదు. ఫోన్ ముందుకు చాపింది. మర్నాడు విడుదలయ్యే ఒక దయ్యం సినిమా ట్రైలర్ అది. నీళ్లు నిండిన పాత గని గుంత, దాని అంచున కాలేజీ పిల్ల, కింద 'నిజ సంఘటనల ఆధారంగా' అన్న అక్షరాలు.

"ఆ పిల్ల నా బిడ్డ మేడమ్" అంది.

ఆమె పేరు లింగమ్మ. బేతంచెర్లలో బండల పాలిషింగ్ ఫ్యాక్టరీలో కూలి. రెండేళ్ల కిందట ఆమె కూతురు సుజాత, తల్లికి మధ్యాహ్నం అన్నం తీసుకొని ఫ్యాక్టరీకి వస్తూ, అడ్డదారిన ఆ గని గుంత అంచున నడుస్తూ జారి, నీళ్లలో పడి చనిపోయింది. ప్రమాదమని పోలీసులు తేల్చారు. తర్వాత సినిమావాళ్లు ఆ ఊరికి షూటింగుకు వచ్చినప్పుడు టీ అంగడి దగ్గర ఎవరో ఈ సంగతి చెప్పారట. లింగమ్మను ఎవరూ అడగలేదు.

"ఏం సూపించినారో నాకు తెలియల్ల. మా ఫ్యాక్టరీలో అందరూ రేపు పోతాండారు. వాళ్లు సూసొచ్చినాక నేను వాళ్ల మధ్యన నిలబడి పని చేయల్ల గదా. మీరు సూసి నాకు ముందే చెప్పండి."

"నువ్వే చూడొచ్చు కదక్కా?"

"నేను సూడలేను మేడమ్. హాలు బయట కూర్చోనుంటా."

మరుసటి ఉదయం చూశాను. మొదటి సగం బాగుందని ఒప్పుకోవాలి. గుంతలో నీళ్లను చూపించిన తీరుకే ఒళ్లు జలదరించింది. చనిపోయిన పిల్ల దయ్యమై ఊళ్లో మగవాళ్లను ఒక్కొక్కరినీ లాక్కుపోతుంటుంది. ఆమెను తోసిందెవరన్నది ప్రశ్న. ఇంటర్వెల్‌లో అలవాటు కొద్దీ నా లెక్క వేసుకున్నాను. అందరికంటే మంచిగా కనబడుతున్నది ఎవరు? జవాబు తట్టింది. తల్లి.

అంతే అయింది. క్లైమాక్స్‌లో తల్లి రెండు చేతులతో కూతుర్ని తోసేస్తుంది. హాలంతా ఒక్కసారిగా ఊపిరి బిగబట్టి, తర్వాత చప్పట్లు కొట్టింది. దర్శకుడు గెలిచాడు. వాళ్లకు లింగమ్మ మీద పగేమీ లేదు. ఎవరూ ఊహించని మనిషి ఒకరు కావలసి వచ్చింది, అంతే. నాకు పట్టలేనంత కోపం వచ్చింది.

లింగమ్మ థియేటర్ ఎదురుగా చెరుకురసం బండి నీడలో కూర్చొని ఉంది. మెల్లగా ఎలా చెప్పాలో తెలియక సూటిగానే చెప్పాను.

"అక్కా, తల్లే తోసేసినట్టు తీసినారు."

"ఎందుకు తోసిందంట?"

"కాంట్రాక్టరుతో సంబంధం ఉందని, అది కూతురి కంట పడిందని."

"మాకు కాంట్రాక్టరు మొగం గూడా తెలీదే" అంది. "కూలి మేస్త్రీ ఇస్తాడు."

ఈరోజే రాస్తానన్నాను. స్పాయిలర్ అయితే అయింది, ముగింపు మొత్తం బయటపెట్టి, అది పచ్చి అబద్ధమని ఛానెల్లో అరుస్తానన్నాను.

"వద్దు మేడమ్. అది నా కథని తెలిసేది మా ఊరోళ్లకే. మీరు చెప్తే అందరికీ తెలుస్తాది. అబద్ధమని మీరంటారు, నిజమేమోనని ఇంగొకరంటారు. నా బిడ్డ పేరు, నా పేరు శానామంది నోట్లో పడతాది."

పదునైన మాటలు మనసులో కూర్చుకున్నదాన్ని, రాయనని ఒప్పుకున్నాను. సాయంత్రం సినిమా ప్రచారం చూసుకునే కుర్రాడు ఫోన్ చేశాడు. "బాగా తిట్టండి మేడమ్, ఫర్వాలేదు. మీరు తిడితే మాకు రెండో రోజు హాలు నిండుతుంది." ఫోన్ పెట్టేశాను. ఆ వారం కాలమ్‌లో ఆ సినిమా ఊసే లేదు, ఛానెల్లోనూ లేదు. సినిమావాళ్లకు అమ్ముడుపోయావని ఛానెల్ కింద కామెంట్లలో నన్ను తిట్టారు. తిట్టనీ అనుకున్నాను.

వారానికే సినిమా హాళ్ల నుంచి పోయింది. బేతంచెర్ల నుంచి మాత్రం పోలేదు. ఎలా ఉన్నావని నేను ఫోన్ చేస్తే, "పక్కన కూర్చొని అన్నం తినేటోళ్లు దూరం జరిగి కూర్చుంటాండారు మేడమ్. నోటితో ఏమీ అనరు" అంది.

కొన్ని నెలలకు అది ఓటీటీలోకి, అంటే ఇంట్లోనే ఫోన్లో చూసుకునే వేదికలోకి వచ్చింది. ఈసారి లింగమ్మే ఫోన్ చేసింది.

"సూసినా మేడమ్."

"ఎందుకు చూశావక్కా?"

"అందరి ఫోన్లలో ఉండాది. యాడ ఏమొస్తాదో మీరు ముందే చెప్పింటిరి గదా, ధైర్యం వచ్చె. ఆ తల్లిని సూడలేదు. పిల్లనే సూస్తా ఉంటి. నీళ్లలో పడేటప్పుడు అమ్మా అని అరిచె మేడమ్."

తనే మళ్లీ అంది.

"నా బిడ్డ గూడా అరిచింటాది గదా. నేను మిషన్ కాడ ఉంటి. ఆ మోతలో పక్కన మనిషి మాటే ఇనపడదు. నాకు యాడ ఇనపడతాది?"

జంప్ స్కేర్ గురించి, శబ్దం గురించి ఇన్నేళ్లు పేజీలకు పేజీలు రాశాను. ఆ మిషన్ మోత గురించి నాకేమీ తెలియదు. ఆమె కాసేపు ఏడ్చి ఫోన్ పెట్టేసింది. తర్వాత నేనూ ఏడ్చాను.

ఇప్పటికీ దయ్యం సినిమాలు చూస్తాను, రాస్తాను. తెర మీద 'నిజ సంఘటనల ఆధారంగా' అని పడితే మాత్రం, ఆ సంఘటన ఎవరిది, వాళ్లు బతికున్నారా, వాళ్లనెవరైనా అడిగారా అని కనుక్కుంటాను. అడగలేదని తెలిస్తే మంచో చెడో ఒక్క ముక్కా రాయను. లింగమ్మ సంగతి నాకు నేర్పింది ఇంతే, ఇది చాలా చిన్నదని నాకు తెలుసు. నేను చూసిన దయ్యం సినిమాలన్నిటిలోనూ అరుపు ఎవరో ఒకరికి వినబడుతుంది. లింగమ్మ ఇప్పటికీ అదే మిషన్ దగ్గర పని చేస్తోంది.