చన్నీళ్లు కలపని చలికాలం

దయ్యాలంటే నాకు నమ్మకం లేదు. నమ్మితే నా బతుకుదెరువు సాగదు. బాన్సువాడలో మోటార్ల వైండింగ్ షాపు నాది. నాట్లప్పుడు కాలిన మోటార్లు ట్రాక్టర్ల మీద వస్తాయి. "దిష్టి తాకిందన్నా" అంటారు రైతులు. స్టార్టర్ డబ్బాకు నిమ్మకాయలు కట్టినవాళ్లు కూడా ఉన్నారు. "దిష్టి గాదు, కరెంటు మూడు ఫేజులల్ల ఒకటి పోయినంక గూడ నడిపిచ్చినవ్" అంటాను. మూత విప్పితే లోపం కనిపించి తీరుతుందన్నదే నాకు వచ్చిన చదువు. అందుకే ఈ సంగతి ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పుకోలేకపోయాను.

నా భార్య గంగామణి నిరుడు వానాకాలంలో కామెర్లతో చనిపోయింది. దవాఖానకు నడిచి వెళ్లిన మనిషి మళ్లీ నడిచి రాలేదు. ఒక్కగానొక్క కూతురు స్రవంతిని కోటగిరికి ఇచ్చాం. ఇల్లు నాకొక్కడికే మిగిలింది. పొద్దున వండిన అన్నమే రాత్రికీ తినేవాణ్ణి. ఎవరో ఒకరు మాట్లాడుతుంటారని టీవీ పెట్టుకునేవాణ్ణి, చూసింది మాత్రం లేదు.

గంగామణి ఉన్నప్పుడు స్నానానికి నీళ్లు నేను పట్టుకున్న రోజు లేదు. గీజరు బిగించింది నేనే అయినా దాని మీద పెత్తనం ఆమెది. వేడినీళ్లు బకెట్‌లోకి పట్టి, చన్నీళ్లు కలిపి, మోచెయ్యి ముంచి చూసి అప్పుడు పిలిచేది. "నీకు పెయ్యి మీద సోయుండదు. బొబ్బలెక్కినంక గని తెల్వది" అని, నాకు ఒంటి మీద ధ్యాస లేదని సతాయించేది. నేను విననట్టు లోపలికి పోయేవాణ్ణి.

చలికాలం వచ్చింది. పొద్దున లేచి గీజరు స్విచ్ వేసి, పళ్లు తోముకుని, వేడినీళ్ల నల్లా తిప్పేవాణ్ణి. నీళ్లు సరిగ్గా ఒంటికి సరిపోయేంత వెచ్చగా వచ్చేవి. చన్నీళ్ల నల్లా ముట్టుకునే పనే పడలేదు. మా బోరు నీళ్లలో సున్నం ఎక్కువ. నీళ్లు కాచే కాయిల్‌కు పెచ్చు కట్టి వేడి తగ్గి ఉంటుంది, తీరిక చూసి విప్పాలి అనుకున్నాను. ఊరందరి గీజర్లు బాగు చేసేవాడి ఇంట్లో గీజరుకు దిక్కెవరు?

మధ్యలో స్రవంతి చంటిపిల్లతో వచ్చింది. పాపకు నీళ్లు పోసి బయటికొచ్చి, "నాన్నా, ఏం కలపకుండనే సరిపోయినయ్ నీళ్లు. అమ్మ కలిపినట్టే ఉన్నయ్" అంది. నేను సున్నం సంగతి చెప్పాను. ఆమె సరేనని పాప తల తుడుస్తూ లోపలికి పోయింది. మళ్లీ వచ్చినప్పుడు నెలరోజులు ఉంటానంది.

వాళ్లు వచ్చేలోగా గీజరు శుభ్రం చేద్దామని ఒక ఆదివారం పొద్దున స్నానం ముగించుకుని పని మొదలుపెట్టాను. ఆ రోజు కూడా నీళ్లు ఎప్పటిలాగే వెచ్చగా ఉన్నాయి. ఇది గుర్తు పెట్టుకోండి. మెయిన్ ఆపి, ట్యాంకులో నీళ్లన్నీ వదిలేసి, కింది మూత విప్పాను.

కరెంటు తీగ తుప్పు పట్టి, కాయిల్ నుంచి ఊడి పక్కకు వేలాడుతోంది. ట్యాంకు రేకుకు తగలడానికి వెంట్రుకవాసి ఎడం ఉంది. కాయిల్ బయటికి లాగాను. రాగి గొట్టం పగిలి, లోపలి తీగ తెగిపోయి ఉంది. సిరీస్ బల్బు పెట్టి చూశాను. కాయిల్‌లో ప్రాణం ఉంటే బల్బు వెలగాలి. వెలగలేదు.

ఇప్పుడే తెగిందేమో అని వెలుతురులోకి తెచ్చి చూశాను. తెగిన కొసల మీద సున్నం తెల్లగా గడ్డకట్టి ఉంది. గోటితో గీకినా రాలలేదు. నెలల తరబడి నీళ్లలో నానితే తప్ప అలా పట్టదు.

నా కళ్లను నేనే నమ్మలేక, షాపులో నాతో పనిచేసే సాయిలును పిలిపించాను. అతను కాయిల్ అటూ ఇటూ తిప్పి చూశాడు.

"గిది ఎప్పుడో సచ్చిందన్నా. చలికాలమంత సల్లనీళ్లతోనే తానం జేసినవా ఏంది?"

"వేడినీళ్లే."

"పొయ్యి మీద పెట్టుకున్నవా?"

లేదన్నాను. సాయిలు నా మొహం చూసి కాయిల్ కింద పెట్టాడు. "ఇగ నువ్వు కూసో అన్నా, కొత్తది నేను తెస్త" అని బండి తీశాడు.

అతను వచ్చేదాకా బాత్రూం గడప మీద కూర్చున్నాను. నాకు భయం వేయలేదు, ఏడుపు వచ్చింది. ఆమె పోయిన రోజు జనం మధ్య రాని ఏడుపు అది. పాతదే మళ్లీ బిగించి రేపు పొద్దున నల్లా తిప్పి చూద్దామా అనిపించింది. వెచ్చగా వస్తే సరే. చల్లగా వస్తే? అప్పుడు ఈ ఇంట్లో నేను నిజంగానే ఒక్కణ్ణి. అలా అనుకోగానే పాత కాయిల్ పక్కన పెట్టేశాను. పైగా ఆ వేలాడే తీగ ఒకటి. అది రేకుకు తగిలితే కరెంటు నీళ్లలోకి వస్తుంది, ఆ నీళ్లు పోసేది నా మనవరాలికి. నేనిలా ఊగిసలాడటం గంగామణి చూస్తే చీపురు తిరగేసేది.

కొత్త కాయిల్, కొత్త వాచరు, కొత్త తీగ వేసి మూత బిగించాను. స్విచ్ వేశాను. కాసేపటికి నీళ్లు కాగి, థర్మోస్టాట్ టక్కుమని కరెంటు ఆపేసింది. ఆ చప్పుడు ఆ చలికాలంలో ఒక్కసారి కూడా విన్నట్టు నాకు గుర్తు లేదు.

మర్నాడు అలవాటు కొద్దీ వేడినీళ్ల నల్లా ఒక్కటే తిప్పి, బకెట్ నిండగానే చెంబుడు భుజం మీద పోసుకున్నాను. చురుక్కుమంది. చర్మం ఎర్రగా కందింది. అప్పటిదాకా ఎక్కడో చిన్న ఆశ ఉండింది, అది అక్కడితో పోయింది.

ఏడాది తిరిగి మళ్లీ చలి మొదలైంది. మిద్దె మీది ట్యాంకు ఎండకు కాగిందని, ఇంకోటని నాకు నేనే చాలా చెప్పి చూసుకున్నాను. మంచు పడే పొద్దున ఎండ ఎక్కడిది? పాత కాయిల్ పారెయ్యలేదు. షాపులో ఎవరూ లేనప్పుడు తీసి సిరీస్ బల్బు పెట్టి చూస్తాను. వెలగదు. ఇన్ని మోటార్లు విప్పినవాణ్ణి, ఇదొక్కటి మాత్రం నాకు అంతుపట్టలేదు.

గీజరు ఇప్పుడు బాగా పనిచేస్తోంది. చన్నీళ్లు నేనే కలుపుకుంటున్నాను. మోచెయ్యి కూడా ముంచి చూస్తాను. ఒకరోజు కాలుతుంది, ఒకరోజు వణుకు పుడుతుంది. ఎంత కలపాలో ఆమెను ఎన్నడూ అడగలేదు.