మీ దిక్కు వానున్నదా?

ఉట్నూర్‌లో వాన ముందుగా టేకాకుల మీద పడుతుంది. మన మీద చుక్క పడక ముందే అడవి వైపు నుంచి చప్పుడు వచ్చేస్తుంది, దూరాన ఎవరో చాటతో బియ్యం చెరుగుతున్నట్టు. ఇవాళ సాయంత్రం వరండాలో కూర్చుని ఫోన్ చెవికి పెట్టుకున్నానో లేదో, అవతలి గొంతు సగంలో తెగిపోయి గరగర మొదలైంది. ఇంకొకరైతే విసుక్కుని ఫోన్ పక్కన పడేస్తారు. నేను మాత్రం ఆ గరగరను వింటూ అలాగే కూర్చుండిపోయాను. ఆ చప్పుడు వెనకాల ఎక్కడో సుగుణ చిన్నమ్మ ఉంటుంది నాకు.

చిన్నమ్మ అంటున్నాను గానీ ఆమె నాకు చుట్టం కాదు. కరీంనగర్‌లో ఒక కాలేజీలో సివిక్స్ పాఠాలు చెప్పుకునే రోజుల్లో ఆమె ఇంట్లో పై వాటా అద్దెకు తీసుకున్నాను. టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ఆపరేటర్‌గా చేసి రిటైరైన మనిషి. పొట్టిగా ఉండేది, ఎప్పుడూ తల కొంచెం ఎడమకు వంచి, ఇంకా ఆ చెవికి ఏదో తగిలించుకున్నట్టే నడిచేది. ఎంత కోపంలోనూ ఆమె గొంతు పెంచగా నేను వినలేదు. అరిస్తే మాట చేరదు, విడగొట్టి చెప్తే చేరుతుంది అనేది.

నా సంగతి పూర్తిగా వేరు. పొయ్యి మీద పాలు పొంగి స్టవ్ ఆరిపోతున్నా సరే, ఫోన్‌లో ఎవడో రాసిన దానికి జవాబు ఇవ్వకుండా లేచేదాన్ని కాదు. సర్కారు పథకాలు, ఎరువుల ధరలు, కంప్యూటరే పాఠం చెప్తే మాలాంటి వాళ్ళ గతేమిటి, ఏది దొరికితే దాని మీద తగువే. ఒక సాయంత్రం ఆ ఊపులో పైకి తిట్టుకుంటూ మెట్లు దిగుతున్నాను. కింద చిన్నమ్మ చిక్కుడుకాయలు తుంపుతోంది.

"ఎవలతోని కొట్లాడుతున్నవ్ బిడ్డా?"

"తెల్వది చిన్నమ్మా. ఫోన్ల."

"ఏ ఊరాయన?"

"గదీ తెల్వది."

చిన్నమ్మ చేతిలో కాయ అలాగే ఉండిపోయింది. ఎగతాళి కాదు, నిజంగానే ఆశ్చర్యపోయింది. "ఊరు తెల్వక, మనిషి తెల్వక కొట్లాటెట్ల అయితదే? మేమైతె ఏ ఊరని అడగంది ప్లగ్గు ముట్టకపోదుము."

ఆ సాయంత్రమే నాకు ట్రంకు కాల్ కథ చెప్పింది. తీగల మీద మాట నడిచే కాలంలో, ఆపరేటర్లే ప్లగ్గు పెట్టి ఊరికీ ఊరికీ లైన్ కలిపేటప్పుడు, ఎక్కడ వాన పడినా లైన్‌లో గరగర వచ్చేదట. అందుకని ఉట్నూర్‌కో ఖానాపూర్‌కో కాల్ కలిపే ముందు అక్కడి ఆపరేటర్‌ను ఆమె ఒకే మాట అడిగేది: "వినవడ్తుందా? మీ దిక్కు వానున్నదా?" ఉందంటే, మాట్లాడబోయే ఇద్దరికీ ముందే చెప్పేది, జర ఆగి ఆగి మాట్లాడుండ్రి అని. చెప్పకపోతే ఒకరి మాట ఒకరికి సగమే చేరి, కావాలనే జవాబు ఇవ్వడం లేదనుకుని ఇద్దరూ అలిగేవాళ్ళు. "ఎదుటోడు పలుకకుంటె పొగరనుకోకు బిడ్డా. ముందుగాల వాననుకో," అంది. అక్కడి ఆపరేటర్ల ముఖాలు ఆమె ఎన్నడూ చూడలేదు. అడవి మీద కమ్మిన మబ్బులు, గోదారి అవతల పడే వాన మాత్రం వాళ్ళ గొంతుల్లోనే చూసేదట. చెప్తూ చెప్తూ కళ్ళు మూసుకుంది. చిక్కుడుకాయలు అలాగే మిగిలిపోయాయి.

చిన్న అక్షరాలు చదివితే ఆమెకు కళ్ళు నొప్పి. అందుకని మాటలతోనే చర్చలు జరిగే ఒక యాప్ ఆమె ఫోన్‌లో వేసి ఇచ్చాను. అందులో ఎవరైనా ఒక గది తెరవచ్చు. మాట్లాడేవాళ్ళ పేర్లూ ఫొటోలూ పైన, వినేవాళ్ళవి కింద. మాట్లాడాలంటే చెయ్యి ఎత్తిన గుర్తు నొక్కాలి. రెండు రోజులు విని చిన్నమ్మ తల పట్టుకుంది. "అందరొక్క లైన్లనే పడ్డరు. ఆపరేటర్ లేడా వీళ్ళకు?" లేడని చెప్పాను. ఆ శుక్రవారమే తానే ఒక గది తెరిచింది, ట్రంకు కాల్ అని పేరు పెట్టి. శుక్రవారం ఎందుకంటే గల్ఫ్‌లో ఉన్న మనవాళ్ళకు ఆ రోజు సెలవు.

గదిలో ఒకటే పద్ధతి. ఎవరైనా సరే, ఎంత కోపంతో వచ్చినా సరే, ముందు వాన సంగతి చెప్పాలి. ఆ తర్వాత ఎవరిని ఎంత కాదన్నా ఆమె అడ్డు రాదు. "మాట్లాడుండ్రి," అని తన మైకు ఆపేసుకునేది. ఆ శుక్రవారాలు తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు తేలిపోయినట్టు ఉంటుంది. పొద్దు వాలుతూ ఉండేది, నేను మెట్ల మీద కూర్చునేదాన్ని, చిన్నమ్మ ఒళ్ళో ఫోన్ నుంచి గొంతులు ఒకటొకటిగా లేచేవి. హుజూరాబాద్, మబ్బువట్టింది గని కురుస్తలేదు. ఖానాపూర్, పొద్దుగాలనే పడి పోయింది, నేల వాసనొస్తుంది. దుబాయ్, ఈడ వానేడిదమ్మా. కళ్ళు మూసుకుంటే గోదావరికి ఇటూ అటూ ఆకాశమంతా ఆమె ఒళ్ళోనే ఉన్నట్టు తోచేది.

ఖానాపూర్ కుర్రాడొకడు పంటల బీమా మీద అగ్గి మీద గుగ్గిలమై వచ్చాడు. చిన్నమ్మ వాన సంగతి అడిగింది. వాడు, "లేదమ్మా. పత్తి మొలక ఎండుతుంది," అన్నాడు. దాని తర్వాత వాడు ఎంత అరిచినా ఎవరూ వాణ్ణి వెక్కిరించలేదు. అందరూ అలాంటివాళ్ళే రాలేదు లెండి. "ఇది చర్చనా, వాతావరణ కేంద్రమా?" అని ఒకాయన గేలి చేశాడు. "నువ్వు యాడ నిలవడి మాట్లాడుతున్నవో తెలిస్తె నాకు జర మంచిగ వినవడ్తది నాయినా," అంది చిన్నమ్మ. ఆయన ఎండగా ఉందని చెప్పి మరీ అందరినీ తిట్టిపోసి వెళ్ళాడు. వాన సంగతి అడగడం కోపానికి మందేమీ కాదు. అయినా ఆమె అడగడం మానలేదు.

ఇక మా ఇంటి ముచ్చట చెప్పాలి. మాది సిరిసిల్ల. మరమగ్గాలను మేము సాంచాలంటాం, అమ్మానాన్నలను అవ్వా బాపులంటాం. బాపు బతుకంతా ఆ సాంచాల మధ్యే గడిచింది, ఆ చప్పుడుకు చెవులు సగం పోయాయి. తమ్ముడు శ్రీను మస్కట్‌లో పని చేస్తాడు. ఒక శుక్రవారం గదిలో సాంచాల మీదే చర్చ వచ్చింది. పాతవి తీసేసి కంప్యూటర్ మగ్గాలు పెట్టుకోవడానికి సర్కారు సాయం చెయ్యాలా, లేక ఉన్నవాటికే బట్ట ఆర్డర్లు ఇచ్చి నిలబెట్టాలా? ఒక్క మనిషి అన్ని కొత్త మగ్గాలు చూసుకుంటే మిగిలినవాళ్ళు ఎక్కడికి పోతారని నేను. కొత్తవి రాకపోతే అందరూ పోవాల్సిందే, నేను పోలేదా అని శ్రీను. మాట మీద మాట పెరిగింది.

"మా బాపునే సూడుండ్రి," అన్నాడు. "పాత ఇనుపముక్క కాడ జిందగీ ఖరాబ్ జేసుకున్నడు. చెవులు పోగొట్టుకున్నడు. ఏం కమాయించిండు? ఆయన లెక్క బతుకొద్దనే నేనీడికొచ్చిన..."

అక్కడ ఆగిపోయాడు. వినేవాళ్ళ వరుసలో అవ్వా బాపుల పెళ్ళిరోజు ఫొటో. అది బాపు ఫోన్‌దే. నేను చూసిన క్షణంలోనే వాడూ చూసినట్టున్నాడు. బాపు చెవులకు ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, సౌండ్ మొత్తం పెంచుకుని, ప్రతి శుక్రవారం మా ఇద్దరి గొంతుల కోసం వింటున్నాడని మాకెవరికీ తెలియదు. శ్రీను పేరు గదిలో నుంచి మాయమైంది.

ఆ తర్వాత వాడు ఇంటికి ఫోన్ చెయ్యలేదు. నెలనెలా పైసలు వచ్చేవి, గొంతు రాలేదు. నేను చేస్తే పని మీద ఉన్నానని రెండు ముక్కలు రాసి ఊరుకునేవాడు. ఇంటికి వెళ్ళి చూస్తే బాపు మామూలుగానే ఉన్నాడు, అన్నం మాత్రం సగంలో లేచిపోతున్నాడు. "గాడన్నదాంట్ల అబద్ధమేమున్నది?" అన్నాడు. "అయితె ఫోన్ జేసి గదే చెప్పరాదు?" అని అవ్వ. "ఏమని చెప్పాలె? మీ లెక్క నాకు వాదన రాదు." సిగ్గుతో వాడు, మాట రాక ఈయన. మా దిక్కు ఎన్ని ఇళ్ళల్లో ఇట్లాగే అయిందో నాకు తెలుసు. ఒక్క మాట దగ్గర ఆగిపోయి, ఏళ్ళు గడిచి, తిరిగొచ్చేసరికి మాట్లాడవలసిన మనిషే లేకపోవడం.

ఈ గది వద్దు చిన్నమ్మా, మూసేద్దాం అని ఏడ్చాను.

"గరగర వస్తుందని ప్లగ్గు పీకుతరా?" అంది. "మీ తమ్ముడు వారం తప్పకుంట వస్తుండు. కింద కూసుంటుండు, పలుకుతలేడు. పోయిన శుక్రవారం పేర్లు సదివించుకున్న గద నీతోని. శ్రీనివాస్ అన్నవు, అంతట్లనే దాటిపోయినవు."

"బాపుకు వాదన రాదంటుండు."

"వాదనెవలడిగిండ్రు? వానడుగుత."

వాన కోసం ఆగవలసి వచ్చింది. ఆ ఏడు ముసురు ఆలస్యంగా పట్టింది. పట్టిన శుక్రవారం నేను సిరిసిల్లలోనే ఉన్నాను. పొద్దంతా బూడిద రంగు వెలుతురు, ఇల్లంతా రేకుల మీద వాన మోత. గది తెరుచుకుంది. చిన్నమ్మ గొంతు ఎప్పటికంటే నిదానంగా వచ్చింది. "మిగిలినోళ్ళు మైకులు జర బంద్ వెట్టుండ్రి. సిరిసిల్ల, వినవడ్తుందా? మీ దిక్కు వానున్నదా?"

తన ఫోన్‌కు ఇయర్‌ఫోన్లు పెట్టుకుని వింటున్న బాపు చెయ్యి తట్టి, నా ఫోన్ ఆయన నోటి దగ్గర పెట్టాను. చెవులు సరిగా లేనివాళ్ళు అరిచినట్టే బాపు అరిచాడు. "ఉన్నదమ్మా! దబదబ కొడుతుంది!"

"ఇల్లు గిట్ల కారుతుందా?"

"లేదమ్మా. ఇదివరకు వానొస్తె ఇంట్ల గిన్నెలు వెడుదుము. ఇప్పుడు ఒక్క సుక్క కారదు. గీ రేకులు మా పోరడు ఏయించిండు." అంటూనే నా చేతిలో ఫోన్ లాక్కుని, ముక్కాలి పీట ఎక్కి, రేకుల దగ్గరగా ఎత్తి పట్టుకున్నాడు. కింద నుంచి అవ్వ పడతావు పడతావు అంటోంది. "శ్రీనూ, నాకైతె గీ సప్పుడు సక్కగ వినవడదు. నీకు వినవడ్తుందా బిడ్డా?"

వాన ఒక్కటే పడింది కాసేపు. శ్రీను పేరు పక్కన చెయ్యి లేచింది.

"లైన్ కలిసింది," అంది చిన్నమ్మ. "మాట్లాడుండ్రి."

"వినవడ్తుంది బాపూ," అన్నాడు వాడు. "మస్తు వినవడ్తుంది."

"మీ దిక్కున్నదా?"

"లేదు. ఒక్కటే ఎండ." ఊపిరి తీసుకున్నాడు. "బాపూ, గానాడు నేనన్నది..."

"అన్నవు తియ్యి. చెవులు పోయిన మాట నిజమే. గని సాంచె కాడ నేను ఖరాబ్ గాలే బిడ్డా. గా మోతల ఎవలికి వినవడకుంట ఎన్ని పాటలు వాడుకున్ననో నీకు తెల్వది. పీట మీద నిలవడ్డ, ఇగ దిగుత."

వాడు నవ్వాడో ఏడ్చాడో తెలియలేదు. నేనైతే ఏడ్చాను. ఇద్దరూ చాలాసేపు మాట్లాడుకున్నారు, అవ్వ ఏం వండిందో, వాడికి నడుము నొప్పి తగ్గిందో లేదో. చివర్లో మావాడు ఊరుకుంటేనా! "ఏమన్నగని బాపూ, కొత్త సాంచాలు రావాలె."

"రానీ, ఎవలొద్దన్నరు? ఉన్నోళ్ళందరికి పనెట్ల, గది జెప్పు ముందుగాల," అన్నాడు వాదన రాని బాపు. గదిలో మైకులన్నీ ఒక్కసారి తెరుచుకుని నవ్వులు వినిపించాయి.

కరీంనగర్ తిరిగి వెళ్ళాక చిన్నమ్మ కాళ్ళ దగ్గర కూర్చుని, బాపు పాటల మాట విన్నావా అని అడిగాను. "నేను వినలే బిడ్డా," అంది. "కలిపినంక ఆపరేటర్ వినద్దు."

మరుసటి చలికాలంలో చిన్నమ్మ నిద్రలోనే వెళ్ళిపోయింది. ఆ శుక్రవారం ఆమె ఫోన్ నుంచి గది తెరిచాను. చెప్పాలనుకున్న మాట నాకు నోట రాలేదు. ఎలా తెలిసిందో అందరికీ తెలిసింది. ఒక్కొక్కరూ చెయ్యి ఎత్తి, ఊరి పేరు చెప్పి వెళ్ళారు. హుజూరాబాద్, వాన లేదు చిన్నమ్మా. ఖానాపూర్, మంచు కురుస్తుంది చిన్నమ్మా. మస్కట్, ఎండనే చిన్నమ్మా. ఎవరూ అడగలేదు, అందరూ చెప్పారు.

ఆ తర్వాత ఉద్యోగం నన్ను ఉట్నూర్‌కు తెచ్చింది. గది ఇప్పుడు నేను నడుపుతున్నాను. ఆమె అంత నెమ్మది నాకు రాలేదు, వస్తుందన్న ఆశా లేదు. ఇప్పటికీ పాలు పొంగిపోతూనే ఉంటాయి. కాకపోతే ఎవరైనా పలకనప్పుడు, ఎవరైనా అడ్డగోలుగా అరిచినప్పుడు, వాళ్ళ ఇంటి మీద ఆకాశం ఎలా ఉందోనని ఒక్క క్షణం చూడాలనిపిస్తుంది. ఆ చూపు ఆమెది.

వాన కొంచెం నెమ్మదించింది. చెవి దగ్గర గరగర పలచబడి, తెగిపోయిన గొంతు మళ్ళీ పైకి తేలింది.

"అక్కా, వినవడ్తుందా? మీ దిక్కు వానున్నదా?"

"ఉన్నదిరా శ్రీను."

"అయితె మల్ల జేస్త తియ్యి. నిన్న గదిల నువ్వన్నదంత తప్పు, గది చెప్దామని జేసిన."

"మల్లెందుకు? ఇప్పుడే చెప్పు," అన్నాను. "జర ఆగి ఆగి చెప్పు."