పేలని బాంబు

ఆ రోజుల్లో నా ఆట మీద నాకున్న నమ్మకం తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. అందులో సగం నాది కాదు, బొగ్గు గనిది. మా ఊరు సత్తుపల్లి ఓపెన్‌కాస్ట్ గనికి దగ్గర. రోజూ మధ్యాహ్నం పూట నాలుగైదు సార్లు సైరన్ మోగేది, మోగిన ప్రతిసారీ కాసేపటికి బ్లాస్టింగ్ జరిగి మా వాలీబాల్ కోర్టు కాళ్ల కింద వణికేది. పుట్టినప్పటి నుంచీ వింటున్నాం కాబట్టి మాకు అది వంటింట్లో గిన్నె పడ్డట్టే. బయటి ఊళ్ల అమ్మాయిలు మాత్రం ఉలిక్కిపడి అటు తిరిగేవారు. అదే అదను అని నేను సర్వీస్ కొట్టేదాన్ని. (అశ్వారావుపేట అమ్మాయి ఒకతె, పాపం, బంతి నెత్తిన పడ్డాక కూడా గని వైపే చూస్తూ నిలబడింది.) సైరన్ వినబడితే చాలు, బంతిని నేలకేసి కొడుతూ పేలుడు కోసం ఆగేదాన్ని. అంపైర్ మా డ్రిల్లు సారే, ఎంతసేపు ఆగినా ఏమనేవారు కాదు. అవతల ఎవరు ఎక్కడున్నారో చూడాల్సిన అవసరమే నాకు రాలేదు. ఊళ్లో అందరూ 'బాంబుల పిల్ల' అంటుంటే మురిసిపోయేదాన్ని.

మురవనిది ఒక్కతే, మా పెద్దమ్మ కూతురు. జట్టులో బంతి ఎత్తి ఇచ్చే లిఫ్టర్ ఆమే. "అవతల మనుషులను చూసి కొట్టవేందే? ఒకనాడు బాంబు పేలకపోతే ఏం చేస్తవ్?" అనేది. "రోజూ పేలుతది కదక్కా" అనేదాన్ని. పెదనాన్న మంచాన పడ్డాక వాళ్లింట్లో సంపాదించే మనిషి లేడు. జిల్లా ఫైనల్ గెలిస్తే రాష్ట్ర పోటీలకు పోవచ్చు, ఆ సర్టిఫికెట్‌తో స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగానికి అప్లై చేయవచ్చు. అక్కకు ఆ ఏడుతో పోటీల వయసు దాటిపోతుంది. అందుకని ఆమె ఆశంతా ఆ ఒక్క ఆట మీదే ఉంది.

అప్పటిదాకా ఆటలన్నీ మా కోర్టులోనే, ఫైనల్ మాత్రం ఖమ్మంలో, పైకప్పున్న పెద్ద హాల్లో. ఎదుట పినపాక అమ్మాయిలు. వాళ్లు ప్రతి బంతికీ మమ్మల్ని చూసి చోటు మార్చుకుంటున్నారు, నేను కొట్టినవన్నీ తేలిగ్గా తీస్తున్నారు. చివరి సెట్‌లో పద్నాలుగు వాళ్లవి, పదమూడు మావి. సర్వీస్ నాది. అక్క వెనక్కి తిరిగి, "ఎడమ మూల ఖాళీగుంది. అటు కొట్టు, జల్దీ" అంది. విజిల్ పడింది. సరిగ్గా అప్పుడే బయట స్టేషన్ వైపు నుంచి రైలు కూత పెట్టింది. అది రైలని నాకు తెలుసు, చేతులకే తెలియలేదు. బంతిని నేలకేసి కొడుతూ నిలబడ్డాను. ఒకటి, రెండు, మూడు... పేలుడు కోసం ఎదురు చూస్తున్నాను. రెఫరీ మళ్లీ విజిల్ వేశాడు. విజిల్ పడ్డాక ఎనిమిది సెకన్లలో సర్వీస్ కొట్టాలి, అవి దాటిపోయాయి. పాయింటు వాళ్లది, కప్పూ వాళ్లదే.

తిరుగు బస్సులో ఇద్దరం పక్కపక్కనే కూర్చున్నాం. వైరా దాటాక అక్క నా వైపు చూసి, "పేలలేదా?" అని అడిగింది. ఇద్దరికీ నవ్వొచ్చింది, కడుపు పట్టుకుని నవ్వాం. తర్వాత ఆమె కిటికీ వైపు తిరిగి మొహానికి చున్నీ అడ్డం పెట్టుకుంది, ఊరు వచ్చేదాకా తీయలేదు.

నాకింకా వయసు మిగిలింది. మరుసటి ఏడు చూసి కొట్టడం నేర్చుకున్నాను, సర్టిఫికెట్ వచ్చింది, ఉద్యోగమూ వచ్చింది. ఇప్పుడు పినపాక దగ్గర బడిలో పీఈటీని. (అవును, ఆ పినపాకే.) "కొట్టే ముందు అవతల చూడండే" అని పిల్లలకు అక్క మాటలే నా మాటల్లా చెబుతుంటాను.

మొన్న సెలవులకు పోయినప్పుడు అక్క పామాయిల్ తోటలో పనికి పోయి అప్పుడే వచ్చింది. టీ పెట్టి ఇచ్చింది. సైరన్ మోగింది. నా చేతిలో గ్లాసు నోటి దాకా పోకుండా ఆగిపోయింది. నాకు తెలియలేదు, అక్క చూసింది. నాతో పాటు తనూ ఆగింది. కాసేపటికి నేల వణికింది.

"పేలింది. ఇగ తాగు" అంది.

నవ్వాను. గెలలు మోసి, ముళ్లు గీరిన ఆమె చేతుల వైపు చూడలేక గ్లాసులోకి చూస్తూ చల్లారిన టీ తాగాను.