సమయానికి మాయమయ్యే వరప్రసాదరావు గారు

మా వరప్రసాదరావు గారికి ఒకటే జబ్బు. ఏ కార్యక్రమానికైనా అందరికంటే ముందొచ్చి, తీరా అది మొదలయ్యే వేళకు మాయమైపోతారు.

చిల్లకల్లు దాటాక హైవే పక్కనున్న మా ఇంటర్నేషనల్ స్కూల్లో ఆయన యాక్టివిటీస్ ఇన్‌ఛార్జి. నేను తెలుగు టీచర్ని. పాఠాలు చెప్పడంలో కంటే ఆయన్ను వెతకడంలోనే నాకు అనుభవం ఎక్కువ.

ఆటల పోటీల రోజు విజిల్ ఆయన మెళ్లో ఉంది, ఆయన లేరు. ఫోన్ చేశాను.

"చార్టులు తేవడానికి నందిగామ వచ్చానండి."

"పరుగు పందేలకి చార్టులెందుకండీ?"

"ఉంటే మంచిదేగా!"

చివరికి హౌస్ కెప్టెన్ బెన్ని రెండు వేళ్లు నోట్లో పెట్టుకుని ఈల వేస్తే పందెం మొదలైంది. ఆ ఈల జగ్గయ్యపేట దాకా వినబడిందని పిల్లలు ఇప్పటికీ చెప్పుకుంటారు.

పిల్లలే దేశాలై కూర్చుని ఐక్యరాజ్యసమితి నడిపే రోజూ అదే కథ. నైలు నది నీళ్ల కోసం ఈజిప్టు కుర్చీ ఎత్తింది. ఇథియోపియా చొక్కా చేతులు మడిచింది. సారు మళ్లీ నందిగామలోనే. అధ్యక్షురాలు యశస్విని బల్ల గుద్ది, "కుర్చీ దింపితేనే నీళ్ల సంగతి మాట్లాడేది!" అని ఒక్క కేక పెట్టింది. రెండు దేశాలూ నోరు మూసుకుని కూర్చున్నాయి.

మర్నాడు సారు తీరిగ్గా వచ్చి, "యుద్ధమేమన్నా జరిగిందా మేడం?" అని అడిగారు. నాకు ఒళ్లు మండిపోయింది.

యాన్యువల్ డేకి మాత్రం ఆయన్ను క్షమించకూడదనుకున్నాను. ఆ రోజు నడిపించాల్సింది కల్చరల్ సెక్రటరీ జెరూషా. ఆ పిల్ల రాసింది చదివితే పొట్ట చెక్కలయ్యేలా నవ్వాల్సిందే. కానీ మైకు చేతికిస్తే గొంతు పెగలదు. వాళ్లమ్మ జయమణి మిరపకోత మానుకుని మరీ చెవిటికల్లు నుంచి వచ్చి ముందు వరుసలో కూర్చుంది.

"సార్ పక్కనే ఉంటానన్నారు మేడం. ఆయన లేకపోతే నావల్ల కాదు," అంటూ జెరూషా మైకు నా చేతిలో పెట్టబోయింది. సారు లేరు.

"ఏడండీ ఈ మనిషి?" అంటూ ప్రిన్సిపాల్ దశరథరామయ్య గారు ఫోన్ కలిపారు. స్టేజీ కింద ఏదో మోగి, ఠక్కున ఆగిపోయింది.

పట్టుచీర కుచ్చిళ్లు ఎగదోపుకుని, పరదా ఎత్తి లోపలికి దూరాను. గుంజల మధ్య గొంతుక్కూర్చుని, చెమటతో తడిసి ముద్దయి ఉన్నారు మహానుభావులు.

"ఏందండీ ఇది? పైన పిల్ల అల్లాడిపోతంటే!"

"ష్! నేను కనబడితే నావంకే చూస్తదండి. కనబడకపోతేనే జనం వంక చూస్తది."

"అట్టయితే నందిగామే పోవచ్చుగా!"

"మధ్యలో ఆగిపోతే ఎట్టాగండీ? ఒక్క అంగలో పైకెక్కేంత దగ్గరుండాలిగా!"

"మరి ఆటలప్పుడు?"

"వాటర్ ట్యాంకు వెనకాల."

"ఐక్యరాజ్యసమితి?"

"బీరువా వెనకాల. ఈ ఏడు నందిగామ మొహమే చూళ్లేదండి నేను."

ఎంత తిట్టాలనుకుని వచ్చానో అంతా ఆవిరైపోయింది. ఆయన నాకు మొదటిసారి ముద్దొచ్చినంత పనైంది.

పైన జెరూషా "అందరికీ నమస్కారం" అని ఆగిపోయింది. ఈయన ఉండబట్టలేక దిగ్గున లేచారు. తల పై చెక్కకు దబ్బున కొట్టుకుని, స్టేజీ అదిరింది.

"ఎవరూ కంగారు పడకండి," అంది జెరూషా మైకులో. "కింద పందికొక్కు దూరినట్టుంది. పాపం, దానికీ యాన్యువల్ డే చూడాలని ఉంటది కదండీ!"

జనం గొల్లుమన్నారు. జయమణి నవ్వు అందరికంటే గట్టిగా వినబడింది. ఆ తర్వాత ఆ పిల్ల నోటికి అడ్డే లేదు. చీఫ్ గెస్టును కూడా వదల్లేదు. మేమిద్దరం స్టేజీ కిందే కూర్చుని అంతా విన్నాం.

చివరికి వందన సమర్పణలో అందరి పేర్లూ చెప్పి, మడమతో స్టేజీ మీద టకటకా తట్టింది.

"సార్, అయిపోయింది. ఇక పైకి రావచ్చు."

ఆయన నెత్తిమీద బొప్పి పట్టుకుని బిత్తరపోయి నావంక చూశారు. కళ్లు మాత్రం తళతళలాడుతున్నాయి.

"నేను లేనని చెప్పండి మేడం!"

అంతటి పెద్దమనిషి అడిగాక కాదంటానా? స్టేజీ కిందనుంచే గొంతెత్తి అరిచాను.

"సారు ఇక్కడ లేరమ్మా!"