సావింట్లో వయొలిన్లు

మా ఆవిడ పోయిన నాలుగో రోజు పుంగనూరులో మా ఇంటి వసారాలో కూర్చుని ఫోన్లో ఆర్కెస్ట్రా సంగీతం పెట్టినాను. వయొలిన్లు, బూరలు, పెద్ద డోళ్ళు, వందమంది కలిసి వాయించేది. నేను మదనపల్లె నుంచి కుప్పానికి టమాటా వ్యాను తోలేటప్పుడు పక్కన కూర్చుని ఆమె వినేది అదే. ఆ సంగీతానికి ఒక్క టమాటా కూడా నలగకుండా కుప్పం చేరేదని ఊరంతా చెప్పినాను. నమ్మినోళ్ళు కూడా ఉండారు. ఇప్పుడు అది మోగినంతసేపే నాకు ఊపిరి ఆడతా ఉండాది.

మా పెదనాయన గుమ్మంలోకి వచ్చినాడు.

"దినాలు కాకముందే పాటలేందిరా? ఆపు."

"పాట యాడుండాది పెదనాయనా? ఒక్కడన్నా నోరు తెరిచినాడా?"

"మేళమైనా తప్పే."

"మేళం కాదు. ఈ సంగీతం పుట్టిన దేశంలో సావుకు మన పలకలోళ్ళ మాదిరి వీళ్ళను పిలుస్తారు. వందమందీ ఏడ్చేదానికే వచ్చినారు. మధ్యలో ఆపితే పోయినోళ్ళు దారి తప్పుతారంట."

"ఎవరు చెప్పినారు నీకు?"

"పోయినామే చెప్పింది."

ఆయన నవ్వలేదు. "పలకలు శవాన్ని సాగనంపే వరకేరా. నాలుగో దినం కూడా కొడతారా?"

ఆ మాటకు ఇంకో కథ అల్లొచ్చు. నాకు బుద్ధి పుట్టలేదు.

"మీకు ఆ ఒక్క పూట చాలింది పెదనాయనా. నాకు చాల్లేదు. ఆపను."

ఆయన ఎదురుగా నిలబడి సూస్తాండగానే సౌండు పెంచినాను. ఆయన చెప్పులేసుకుని వీధిలోకి పోయినాడు. వయొలిన్లు పోలేదు.